మోటోజీపీ: తగ్గింది ఉత్కంఠా, బ్రేకింగ్ దూరమా?

మోటార్‌సైకిల్ గ్రాండ్ ప్రి అభిమానులు నలుగురు ఒకచోట చేరితే ఒక మాట తప్పకుండా వస్తుంది. ఇప్పటి రేసుల్లో పస లేదు, పాత రోజుల్లో రేసంటే రేసులా ఉండేది అని. ఏ పాత రోజులు అని అడిగితే మాత్రం జవాబులు కలవవు. ఒకరికి బ్యారీ షీన్, కెన్నీ రాబర్ట్స్ తలపడిన 1970ల చివరి ఏళ్లు. ఇంకొకరికి వేన్ రైనీ, కెవిన్ ష్వాంట్జ్‌ల కాలం. మరొకరికి 2002లో అగ్రశ్రేణి విభాగం పేరు మోటోజీపీగా మారాక వాలెంటీనో రోసీ ఏలిన తొలి సీజన్లు. ఎవరు ఏ వయసులో ఈ ఆటకు అలవాటు పడ్డారో ఆ కాలమే వారికి స్వర్ణయుగం. ఈ ఒక్క కారణం చూపి ఫిర్యాదును కొట్టిపారేయవచ్చు. కానీ అది న్యాయం కాదు. ఫిర్యాదులో నిజం ఉంది, దాని వెనక సాంకేతిక కారణమూ ఉంది. కాకపోతే ఆ నిజం అప్పుడు బాగుండేది, ఇప్పుడు బాగోలేదు అని తేల్చేసేంత సులువుగా లేదు.

మరీ పాత రోజుల నుంచే మొదలుపెడదాం. ప్రపంచ చాంపియన్‌షిప్ 1949లో ఆరంభమైంది. అందులో 1958 నుంచి 1974 వరకు వరుసగా 17 ఏళ్లు అప్పటి అగ్రశ్రేణి విభాగమైన 500 సీసీ టైటిల్ ఎంవీ అగస్టా బైకు నడిపినవారికే దక్కింది. 1967 సీజన్ తర్వాత హోండా పోటీ నుంచి తప్పుకోవడంతో జియాకోమో అగోస్తీనీకి ఎదురే లేకుండా పోయింది. 1968లో పది 500 సీసీ రేసులు జరిగితే పదీ అతడివే. రెండో స్థానంలో వచ్చిన రైడర్ కూడా పూర్తిగా ఒక ల్యాప్ వెనకబడిపోయిన రేసులు ఆ ఏళ్లలో ఉన్నాయి. అగోస్తీనీ ప్రతిభను తక్కువ చేయాల్సిన పని లేదు. 122 గ్రాండ్ ప్రి విజయాలు, 15 ప్రపంచ టైటిళ్లు ఊరికే రావు. కానీ ఆ రేసులను నేటి ప్రేక్షకుడికి మొదటి నుంచి చివరి దాకా చూపిస్తే సగంలోనే లేచి వెళ్లిపోతాడు.

ఆ కాలంలో నిజంగా ఊపిరి బిగబట్టించిన సీజన్ 1967. మైక్ హెయిల్‌వుడ్, అగోస్తీనీ చెరి ఐదు రేసులు గెలిచారు, పాయింట్లూ సమానం. రెండో స్థానాలు ఎక్కువ ఉన్నందున టైటిల్ అగోస్తీనీకి వెళ్లింది. ఆ ఏడాది బ్రిటన్ పక్కనున్న ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో వాళ్లిద్దరి పోరు గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. దాదాపు 60 కిలోమీటర్ల ఆ రోడ్డు సర్క్యూట్‌లో హెయిల్‌వుడ్ గంటకు సుమారు 175 కిలోమీటర్ల సగటుతో నెలకొల్పిన ల్యాప్ రికార్డు 1975 దాకా నిలిచింది. చివరికి అగోస్తీనీ బైకు చైను తెగి పోరు ముగిసింది. ఇక్కడ ఒకటి గమనించాలి. ఐల్ ఆఫ్ మ్యాన్‌లో రైడర్లను విడతలుగా పంపుతారు. కాబట్టి ఆ మహా సమరం చక్రానికి చక్రం ఆనించి జరిగింది కాదు, గడియారం మీద జరిగింది. రోడ్డు పక్కన నిలబడినవారికి ఒక బైకు దూసుకుపోవడం, కాసేపటికి ఇంకొకటి రావడం మాత్రమే కనిపించేది. ఇప్పుడు మనం ఉత్కంఠ అని దేన్ని అంటున్నామో అది ఆ రేసులో వేరే రూపంలో ఉంది.

1970ల చివరికి రేసు తీరు మారింది. 1979 సిల్వర్‌స్టోన్‌లో రాబర్ట్స్, షీన్ ఒకరినొకరు దాటుకుంటూ చివరి మలుపు దాకా వెళ్లారు. మధ్యలో షీన్ చెయ్యి వెనక్కి పెట్టి రాబర్ట్స్‌కు రెండు వేళ్లు చూపించిన (బ్రిటన్‌లో అది వెక్కిరింపు) దృశ్యం అభిమానుల మనసుల్లో ముద్రపడిపోయింది. రాబర్ట్స్ సెకనులో వందో వంతులు మూడింటి తేడాతో గెలిచాడు. 1983 సీజన్ ఇంకా గట్టిది. మొత్తం 12 రేసుల్లో ఫ్రెడ్డీ స్పెన్సర్ ఆరు, రాబర్ట్స్ ఆరు గెలిచారు. మూడో మనిషికి ఒక్క విజయం కూడా దొరకలేదు. స్వీడన్‌లోని ఆండర్‌స్టార్ప్‌లో చివరి ల్యాప్‌లో స్పెన్సర్ లోపలి వైపు నుంచి బ్రేకు మీద దూసుకొచ్చాడు. ఇద్దరూ మలుపు బయటికి జారిపోయారు. ముందుగా థ్రాటిల్ తిప్పగలిగిన స్పెన్సర్‌దే రేసు. సీజన్ ముగిసేసరికి 144కి 142, రెండే పాయింట్ల తేడా.

అయితే పాత రోజులు అన్నప్పుడు ఎక్కువమంది మనసులో ఉండేది 1980ల చివరి నుంచి 1993 దాకా నడిచిన కాలం. దానికి మూలం ఆ బైకులే. 500 సీసీ టూ-స్ట్రోక్ నాలుగు సిలిండర్ల ఇంజిన్, దాదాపు 130 కిలోల బరువు. శక్తి అంతా ఇంజిన్ వేగంలోని ఒక ఇరుకు పరిధిలోనే విరుచుకుపడేది. ఆ పరిధి కింద ఇంజిన్ నీరసంగా ఉండేది, అందులోకి అడుగుపెట్టగానే వెనక చక్రం పట్టు తప్పి గిర్రున తిరిగేది. టైరు పట్టు, ఇంజిన్ శక్తి మధ్య తేడాను సరిచూడటానికి కంప్యూటర్ లేదు. ఉన్నది రైడర్ కుడి మణికట్టు ఒక్కటే. మలుపు నుంచి బయటికి వస్తూ వెనక చక్రాన్ని కావాలని జార్చి, ఆ జారుడుతోనే బైకు ముక్కును దారి వైపు తిప్పడం ఆనాటి విద్య. అమెరికా మట్టి ట్రాకుల మీద ఎదిగిన రాబర్ట్స్, స్పెన్సర్, ఎడ్డీ లాసన్, రైనీలకు ఆ విద్య చిన్నప్పటి నుంచే అలవాటు.

ఆ జారుడు లెక్క తప్పితే ఏమయ్యేదో కూడా చెప్పుకోవాలి. జారుతున్న టైరుకు ఒక్కసారిగా మళ్లీ పట్టు దొరికితే అప్పటిదాకా పక్కకు వాలి ఉన్న బైకు ఒక్క కుదుపుతో నిటారుగా లేస్తుంది. ఆ ఊపుకు రైడర్ జీనులోంచి గాల్లోకి ఎగిరిపోతాడు. దీన్నే హైసైడ్ అంటారు. జారి పక్కకు పడిపోతే దెబ్బలు చాలావరకు చిన్నవి. గాల్లోకి లేచి తారు మీద పడితే ఎముకలు విరగాల్సిందే. ప్రతి మలుపులో, ప్రతి ల్యాప్‌లో ఆ ప్రమాదం పొంచి ఉండేది. అది ట్రాక్ పక్కనున్నవాళ్లకే కాదు, టీవీ చూసేవాళ్లకూ కనిపించేది. మనిషి యంత్రంతో కుస్తీ పడుతున్నాడని ఎవరూ వివరించనక్కరలేదు. 1991లో సుజుకాలో ష్వాంట్జ్, మిక్ డూహన్, రైనీ, జాన్ కోసిన్‌స్కీ నలుగురూ ఒక్క సెకను లోపే గీత దాటారు. అదే ఏడాది హాకెన్‌హైమ్‌లో చివరి ల్యాప్‌లో, స్టేడియం భాగంలోకి ప్రవేశించే చోట ష్వాంట్జ్ బ్రేకు పట్టిన తీరు చూడాలి. సుజుకి బైకు అటూ ఇటూ మెలికలు తిరుగుతోంది, వెనక చక్రం నేలను సరిగ్గా తాకడం లేదు. అయినా రైనీకి లోపలి వైపు నుంచి వెళ్లి రేసు లాక్కున్నాడు. ఆ దృశ్యానికి సాటి వచ్చేవి నేటి బైకులతో చాలా అరుదు. ఈ విషయంలో పాత అభిమానుల మాట అక్షరాలా నిజం.

దానికి చెల్లించిన మూల్యాన్ని మాత్రం ఉత్కంఠ ఖాతాలో వేయడం తప్పు. 1992లో భారీ ఆధిక్యంలో ఉన్న డూహన్ అసెన్‌లో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. చికిత్సలో చిక్కులు వచ్చి కాలే పోయేంత పని అయింది. నాలుగు పాయింట్ల తేడాతో టైటిల్ రైనీకి వెళ్లింది. మరుసటి ఏడాది మిసానోలో ముందంజలో సాగుతున్న రైనీ పడిపోయాడు. వెన్నెముక దెబ్బతిని మళ్లీ నడవలేకపోయాడు. అంతకు ముందు, 1973లో మోంజాలో యార్నో సారినెన్, రెంజో పసోలినీ ఒకే ప్రమాదంలో ప్రాణాలు కోల్పోయారు. రైడర్లు భయపడి వెళ్లడం మానేసిన ఐల్ ఆఫ్ మ్యాన్ 1976తో చాంపియన్‌షిప్ నుంచి తొలగింది. వెనక చక్రం జారకుండా కంప్యూటర్ అదుపు చేసే ట్రాక్షన్ కంట్రోల్, ట్రాక్ తప్పినవారు ఆగేందుకు విశాలమైన రనాఫ్ స్థలాలు, గాలితో ఉబ్బే సూట్లు వచ్చాక ఆట చప్పబడిందని అనేవాళ్లు ఈ పేర్లను ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఆనాటి పోరులో మనం కోల్పోయింది ఒకటుంది, అది ప్రాణభయం కాదు. అదేమిటో కాస్త ముందుకు వెళ్లాక తేలుతుంది.

టూ-స్ట్రోక్ బైకే ఉత్కంఠకు మూలమైతే 1994 నుంచి 1998 దాకా నడిచిన సీజన్లకు సమాధానం దొరకదు. అవే 500 సీసీ బైకులు, అదే ప్రమాదం, అదే విద్య. కానీ డూహన్ వరుసగా ఐదు టైటిళ్లు గెలిచాడు. 1997లో 15 రేసుల్లో 12 అతడివే. హోండా తన ఇంజిన్‌లో నాలుగు సిలిండర్లలోనూ ఇంధనం దగ్గర దగ్గరగా మండేలా చేసి, టైరుకు మళ్లీ పట్టు చిక్కించుకునే వ్యవధి ఇచ్చింది. బైకు లొంగింది. డూహన్ 1997లో మళ్లీ మొండి ఇంజిన్‌కే మారాడు, అందరూ వాడుతున్న సాధు ఇంజిన్ వల్ల తన ఆధిక్యం కరిగిపోతోందని. అయినా ఫలితం మారలేదు. 1996 బ్రనోలో అలెక్స్ క్రివిల్లే అతడిని 0.002 సెకన్ల తేడాతో ఓడించడం వంటి మెరుపులు ఉన్నాయి. మిగతా చాలా ఆదివారాల్లో చూడాల్సింది రెండో స్థానం కోసం జరిగే పోటీనే. ఆ ఏళ్లను స్వర్ణయుగంలో ఎవరూ కలపరు. జ్ఞాపకం మంచి రేసులనే దాచిపెట్టుకుంటుంది.

ఈ జ్ఞాపకం సంగతి ఇంకొంచెం చెప్పాలి. 1983లో మొత్తం 12 రేసులు. వాటిలో ఏవి చూడగలం, ఎంత చూడగలం అన్నది టీవీ దయ. ఇవాళ మనకు గుర్తున్నది ఆ 12లో మూడో నాలుగో. 2025లో 22 గ్రాండ్ ప్రిలు, 2023 నుంచి మొదలైన శనివారం పొట్టి రేసులు, అంటే స్ప్రింట్‌లు, కలిపి 44 రేసులు. అన్నీ ప్రత్యక్షంగా, పదుల కెమెరాల నుంచి, మొదటి ల్యాప్ నుంచి చివరి దాకా చూస్తాం. అందులో చప్పని రేసులు ఎక్కువగా కళ్లబడటంలో వింత లేదు. పాత రోజుల మెరుపులను ఇప్పటి సగటుతో పోల్చడం ఏ లెక్కలోనూ సరికాదు.

2002లో 990 సీసీ ఫోర్-స్ట్రోక్ బైకులు వచ్చాయి. శక్తి విపరీతం, ఎలక్ట్రానిక్స్ ఇంకా పసితనంలో ఉన్నాయి. ఈ రెండూ కలిసిన ఐదేళ్లు ఈ ఆటకు దొరికిన మంచి కాలాల్లో ఒకటి. 2006లో పోర్చుగల్‌లోని ఎస్టోరిల్ రేసు ఒక్కటి చాలు. టైటిల్ పోరులో ముందున్న నిక్కీ హేడెన్‌ను అతడి జట్టు సహచరుడు డానీ పెడ్రోసానే పడగొట్టాడు. టైటిల్ రోసీ ఒళ్లోకి వచ్చి వాలినట్లే అనిపించింది. కానీ చివరి మలుపు దాటాక టోనీ ఎలియాస్ 0.002 సెకన్ల తేడాతో రోసీని ఓడించాడు. ఆ వేగంలో అది జానెడు కూడా కాని దూరం. దానివల్ల రోసీకి 25 బదులు 20 పాయింట్లు వచ్చాయి. తర్వాత వాలెన్సియాలో రోసీ పడి లేచి 13వ స్థానంలో ముగించాడు, హేడెన్ 252కి 247తో చాంపియన్ అయ్యాడు. ఆ ఐదు పాయింట్లు ఉండి ఉంటే ఇద్దరూ సమానం, ఎక్కువ విజయాలున్న రోసీదే టైటిల్. ఒక సీజన్ మొత్తం జానెడు లోపు తేలిపోయింది.

వెంటనే వచ్చిన 800 సీసీ కాలం, అంటే 2007 నుంచి 2011 దాకా, దీనికి పూర్తి విరుద్ధం. ఇంజిన్ చిన్నదైతే వేగం తగ్గి భద్రత పెరుగుతుందని నిర్వాహకులు ఆశించారు. జరిగింది వేరు. శక్తి తగ్గిన బైకు మలుపులో వేగం పోగొట్టుకుంటే తిరిగి పుంజుకోవడం కష్టం. అందుకని అందరూ మలుపులో వేగం కాపాడుకునే ఒకే దారి పట్టారు. ఆ దారి తప్పినవాడు వెనకబడ్డాడు. ఎలక్ట్రానిక్స్ ముదిరి తప్పులు తగ్గించాయి, ఖర్చులు పెరిగి బైకుల సంఖ్య 17కి పడిపోయింది. కేసీ స్టోనర్ అద్భుతమైన రైడర్, రోసీతో లగూనా సెకాలో అతడి 2008 పోరు ఎప్పటికీ నిలిచేదే. అయినా ఆ ఐదేళ్లలో చాలా రేసులు ఊరేగింపులే. అప్పట్లో కూడా, పాత రోజులు వేరు అనే మాట ఇంతకన్నా గట్టిగానే వినిపించింది.

ఆ జబ్బుకు మందు నియమాల్లోనే దొరికింది. ఈ సంగతిని తగినంతగా ఎవరూ గుర్తించడం లేదు. 2011 జూన్‌లో అసెన్‌లో బెన్ స్పైస్ గెలిచాక, 2016 జూన్‌లో అదే అసెన్‌లో జాక్ మిల్లర్ గెలిచేదాకా అయిదేళ్లలో విజేతలు ఐదుగురే: స్టోనర్, లొరెంజో, పెడ్రోసా, మార్క్ మార్కెజ్, రోసీ. అందరూ హోండా లేదా యమహా ఫ్యాక్టరీ జట్లవాళ్లే. 2016లో అన్ని జట్లకూ ఒకే ఎలక్ట్రానిక్స్ సాఫ్ట్‌వేర్ తప్పనిసరి చేశారు, టైర్లు మిషెలిన్‌కు మారాయి. ఆ ఒక్క ఏడాదే తొమ్మిది మంది గెలిచారు. 2018 అసెన్‌లో ముందు వరుసలో ఉన్న గుంపు వందకు పైగా సార్లు స్థానాలు మార్చుకుంది. 2017 ఆస్ట్రియాలో ఆండ్రియా డొవిజియోసో, మార్కెజ్ చివరి మలుపులో ఒకరి మీదికి ఒకరు దూకారు. 2019 సిల్వర్‌స్టోన్‌లో అలెక్స్ రిన్స్ 0.013 సెకన్ల తేడాతో మార్కెజ్‌ను గీత దగ్గర మట్టికరిపించాడు. రేసుల సగటు నాణ్యతను కొలమానంగా తీసుకుంటే ఈ ఆట చరిత్రలో 2016 నుంచి 2019 దాకా నడిచిన నాలుగేళ్లకు మించినవి లేవు. ష్వాంట్జ్ కాలాన్ని ప్రేమించేవాళ్లు కూడా దీన్ని ఒప్పుకోక తప్పదు.

మరి ఇప్పుడు చప్పదనం ఎక్కడి నుంచి వచ్చింది? బైకుల మధ్య తేడా పెరగడం వల్ల కాదు. 2021 దోహా గ్రాండ్ ప్రిలో మొదటి పదిహేను మంది 8.928 సెకన్ల లోపు గీత దాటారు. అగోస్తీనీ కాలంలో రెండో స్థానం కూడా అంతకన్నా ఎంతో దూరంలో ఉండేది. దగ్గరగా ఉండటం, దాటగలగడం రెండూ ఒకటి కావని ఇక్కడే తెలుస్తుంది. పదిహేను మంది ఒకే వేగంతో ఒకరి వెనక ఒకరు వెళ్తుంటే అంకెలు ఉత్కంఠగా ఉంటాయి, కళ్లకు మాత్రం ఏమీ జరగదు.

ఓవర్‌టేక్ అనేది ఎక్కువగా బ్రేకు పట్టే చోట జరుగుతుంది. గంటకు 340 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 94 మీటర్లు. వెనకున్న రైడర్ సెకనులో పదో వంతు ఆలస్యంగా బ్రేకు పట్టగలిగితే తొమ్మిది మీటర్లు, అంటే నాలుగు బైకుల పొడవు కలిసొస్తుంది. అలా ఆలస్యం చేయగలిగే వెసులుబాటే ఓవర్‌టేక్‌కు ప్రాణం. మనం కోల్పోయిందని ఇందాక అన్నది దీన్నే. ష్వాంట్జ్ హాకెన్‌హైమ్‌లో వాడుకున్నది దాన్నే, స్పెన్సర్ ఆండర్‌స్టార్ప్‌లో వాడుకున్నదీ దాన్నే. ఇప్పటి బైకు దాన్ని రెండు వైపుల నుంచి కొరికేసింది. ముందు భాగంలో రెక్కలు, పక్కల్లో ఉబ్బెత్తు ఆకారాలు బైకును నేలకు అదుముతాయి. రైడర్ మీట నొక్కితే వెనక భాగం కిందికి దిగే పరికరం బైకు ఎత్తును తగ్గిస్తుంది. దానితో మలుపు నుంచి ముందు చక్రం లేవకుండా దూసుకుపోవచ్చు, బ్రేకు మరింత గట్టిగా పట్టవచ్చు. 2023 ముజెల్లోలో బ్రాడ్ బైండర్ బైకు గంటకు 366.1 కిలోమీటర్లు తాకింది. అంత వేగం నుంచి కూడా అందరూ దాదాపు ఒకే చోట, సాధ్యమైనంత ఆలస్యంగా, సాధ్యమైనంత గట్టిగా ఆపుతున్నారు. ఇంకా ఆలస్యం చేయడానికి చోటు మిగలలేదు.

ఇక రెండో దెబ్బ ముందు టైరుది. ముందున్న బైకు చీల్చిన వేడి గాలిలో, చెదిరిన గాలిలో నడిచే బైకుకు రెక్కల బలం తగ్గుతుంది, ఆ లోటును ముందు టైరే మోయాలి. టైరు వేడెక్కుతుంది, లోపలి గాలి ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి హద్దు దాటితే నేలను ఆనే భాగం తగ్గి, బ్రేకు పట్టగానే చక్రం బిగుసుకుపోతుంది. అలాగని ముందే ఒత్తిడి తక్కువ పెట్టుకుని బయల్దేరుదామంటే కనీస ఒత్తిడి నియమం ఉంది. రేసులో నిర్ణీత భాగం పాటు దానికి పైనే ఉండాలి, లేకపోతే శిక్షగా సమయం కలుపుతారు. ఈ నియమం ఎంత విచిత్రమైన రేసులకు దారితీస్తుందో 2025 థాయ్‌లాండ్ గ్రాండ్ ప్రి చూపించింది. ఆధిక్యంలో ఉన్న మార్క్ మార్కెజ్ తన ముందు టైరు ఒత్తిడి చాలడం లేదని గమనించి, వేగం తగ్గించి తమ్ముడు అలెక్స్‌ను ముందుకు పోనిచ్చాడు. ఆ వేడి గాలిలో చాలా ల్యాప్‌లు వెనకే నడిచి ఒత్తిడి పెంచుకుని, చివర్లో మళ్లీ దాటి గెలిచాడు. అతడి తెలివికి దండం పెట్టాల్సిందే. కానీ దాటడం కన్నా దాటనివ్వడం వ్యూహంగా మారిన ఆట ఎటో దారి తప్పినట్లే.

డుకాటి ఆధిపత్యమే అసలు సమస్య అనే వాదన కూడా వినిపిస్తుంది. 2024లో 20 గ్రాండ్ ప్రిల్లో 19 ఆ సంస్థ బైకులే గెలిచాయి కాబట్టి ఆ వాదనలో బలం ఉన్నట్లు కనిపిస్తుంది. అయితే అదే ఏడాది చాంపియన్‌షిప్ చివరి రేసు దాకా నడిచింది. ఫ్రాన్సెస్కో బాగ్నాయా 11 గ్రాండ్ ప్రిలు గెలిచి కూడా టైటిల్‌ను పది పాయింట్ల తేడాతో జార్జ్ మార్టిన్‌కు వదులుకున్నాడు. ఎంవీ అగస్టా కాలంలో ఆ బైకు ఒకరిద్దరికే అందేది, 2024లో డుకాటి ఎనిమిది మంది చేతుల్లో ఉంది. సీజన్ ఉత్కంఠ వేరు, రేసు ఉత్కంఠ వేరు. 2024కు మొదటిది పుష్కలంగా ఉంది, రెండోదానికే కొరత.

అందువల్ల 2027 నియమాలు సరైన చోట చెయ్యి వేశాయనే చెప్పాలి. ఇంజిన్ 1000 సీసీ నుంచి 850కి తగ్గుతుంది. బైకు ఎత్తు మార్చే పరికరాలు, స్టార్ట్‌లో వాడేవి సహా, అన్నీ నిషేధం. ముందు ఫెయిరింగ్ (గాలిని చీల్చే కవచం) వెడల్పు 50 మిల్లీమీటర్లు తగ్గుతుంది. పూర్తిగా శిలాజేతర ఇంధనం, రేసుకు 22 బదులు 20 లీటర్లు, టైర్లు పిరెల్లివి. రైడర్లందరి జీపీఎస్ సమాచారం అన్ని జట్లకూ అందుతుంది. చిన్న ఇంజిన్ అనగానే 800 సీసీ కాలం గుర్తొచ్చి భయపడటం సహజం. అయితే అప్పటి తప్పు ఒక్క ఇంజిన్‌ది కాదు. ఎవరికి వారు రాసుకున్న ఎలక్ట్రానిక్స్, అందరినీ ఒకే దారికి నెట్టిన బైకు స్వభావం కలిసి చేసిన పని అది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ అందరికీ ఒక్కటే. ఎత్తు తగ్గించే పరికరం లేని బైకు స్ట్రెయిట్ చివర మళ్లీ ముందుకు తూలుతుంది, వెనక చక్రం తేలిపోతుంది, బ్రేకింగ్ దూరం పెరుగుతుంది. రెక్కల ఆకారాలను మాత్రం ఇంకా మిగిల్చారు. కత్తిరింపు అక్కడ ఇంకొంత లోతుగా ఉండాల్సింది. కొత్త బైకులు ట్రాక్ ఎక్కాక ల్యాప్ రికార్డులు, గరిష్ఠ వేగం తగ్గాయా పెరిగాయా అన్నది పెద్ద విషయం కాదు. మలుపుకు 300 మీటర్ల ముందుండే బోర్డు దాటాక వెనకున్నవాడు ముందున్నవాడికన్నా ఎంత ఆలస్యంగా బ్రేకు పట్టగలుగుతున్నాడు, పట్టాక మలుపు తిరగగలుగుతున్నాడా అన్నదే చూడాలి.